డేరాకి వేసిన అస్తరు

"ఇస్త్రీ చేసిన ప్యాంటు వేసుకుని కొండెక్కుతారా?" అంది టీచరు.

"ఇస్త్రీ లేని ప్యాంటు నా దగ్గర లేదు," అన్నాడు మాస్టరు.

అందులో అబద్ధం లేదు. ఊళ్ళో సగం మంది నడుములు కొలిచిన దర్జీ తన ప్యాంటు మడత నలగనిస్తాడా? కుర్చీలో కూచునే ముందు కూడా మోకాళ్ళ దగ్గర గుడ్డని రెండు వేళ్ళతో పైకి లాక్కునే మనిషి. అలాంటివాణ్ణి బండల మీద కూచోమంటున్నారు, నేల మీద పడుకోమంటున్నారు.

ముందు గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎక్కడ చూసినా సంచులే. టీచరు మోకాళ్ళ మీద కూచుని, భర్త ముచ్చటపడి సర్దుకున్న పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. గొడుగు పక్కకి పోయింది. వేడినీళ్ళ రబ్బరు సంచి పోయింది. దిండు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఇదెందుకు?"

"తల పెట్టుకోడానికి."

"కోటు మడిచి పెట్టుకోవచ్చు."

"కోటు మడిస్తే నలుగుతుంది."

గుమ్మానికి ఆనుకుని ఆపిల్ కొరుకుతున్న పెద్దమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ పిల్ల నోటి దురుసు చూసి "కత్తెర" అని పేరు పెట్టింది మాస్టరే. పేరు పెట్టినందుకు ఎక్కువసార్లు తెగింది కూడా అతనే.

"నాన్నా, మనం వెళ్ళేది ఒక్క రాత్రికి. కాపురానికి కాదు."

కావాలని అన్నదో, నోరు జారిందో గాని, గదిలో ఉన్న నలుగురూ ఒక్కసారి ఆగిపోయారు. కాపురం గురించే కదా వారం రోజులుగా ఈ గొడవంతా.

కొండ మీద ఒక బడి ఉంది. పట్నం పిల్లల్ని తీసుకొచ్చి డేరాలు వేయటం, కొండలెక్కటం, దారి తప్పితే మళ్ళీ దారి పట్టుకోవటం నేర్పుతారు. ఆ బడివాళ్ళు టీచరుకి ఉద్యోగం ఇస్తామన్నారు. ఉండటానికి ఇల్లు కూడా ఇస్తామన్నారు. సిమెంటు పెరట్లో విజిలు ఊదుతూ, ఎండలో పిల్లల్ని వరసల్లో నిలబెడుతూ జుట్టు నెరుస్తున్న డ్రిల్లు టీచరుకి ఇంతకంటే ఏం కావాలి? సోమవారం లోపల అవునో కాదో చెప్పాలి. ఆమె భర్తని ఒక్కటే కోరింది. "ఒక్కసారి వచ్చి చూడండి. చూశాక వద్దంటే వద్దనే రాస్తాను."

ఆ కోరిక కోరింది కూడా దుకాణానికి వచ్చి. మాస్టరు అప్పుడు ఒక లావుపాటి గుమాస్తా నడుము దగ్గర వంగి ఉన్నాడు. నోట్లో గుండుసూదులు. పళ్ళ మధ్య గుండుసూదులున్న మనిషి నోట్లోంచి "ఊ" తప్ప ఇంకో మాట రాదు. "ఊ" అన్నాడు. ఆమె దాన్ని మాటగా తీసుకుని వెళ్ళిపోయింది. సూదులన్నీ తీసి మెత్త మీద గుచ్చేసరికి వీధి మలుపు కూడా దాటేసింది.

"గుండీకి దగ్గు," అన్నాడు ఇప్పుడు మాస్టరు, చివరి ముక్క వేస్తున్నవాడిలా. "కొండ మీద చలి."

గుండీ రెండో పిల్ల. గుండ్రంగా, చిన్నగా, ఎప్పుడూ తండ్రి చొక్కాకి అతుక్కునే ఉంటుంది. పేరు వినగానే సాయం చేద్దామని కాస్త దగ్గింది.

"అది దగ్గు కాదు, నీకు తాళం," అంది కత్తెర.

"నువ్వుండు," అంది టీచరు పెద్దదానితో. తరవాత భర్త వంక తిరిగింది. గొంతు పెంచలేదు. బళ్ళో అరిచి అరిచి, ఇంటికొచ్చాక అరవటం మానేసిన గొంతు అది. "రానంటే రానని చెప్పండి. దగ్గు మీదా, ప్యాంటు మీదా పెట్టకండి."

మాస్టరు గొడుగు తీసుకెళ్ళి మూల నిలబెట్టాడు. "రానని ఎవరన్నారు?" అన్నాడు.

బస్సులో గుండీ అతని పక్కన కూచుంది. ముందు సీట్లో తల్లీ పెద్దకూతురూ మ్యాపు విప్పుకుని గుసగుసలాడుతున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర డేరా సంచి ఉంది. బడి ప్రిన్సిపాలు టీచరు చేతికిచ్చి, "వాడి చూడండి, పిల్లల సొత్తు, జాగ్రత్త" అని చెప్పి పంపిన డేరా.

ఆ సంచి వంక చూస్తుంటే మాస్టరు మనసు ఒక పక్క కుదుటపడుతోంది, ఇంకో పక్క పీకుతోంది.

జిప్పు పట్టేస్తోందని టీచరే మొన్న సాయంత్రం దాన్ని దుకాణంలో ఇచ్చి వెళ్ళింది. జిప్పు పని చిటికెలో అయిపోయింది. డేరాని కటింగ్ బల్ల మీద పరిచి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. కుట్లన్నీ ఫ్యాక్టరీ కుట్లు, ఎక్కడా చెయ్యి పెట్టాల్సిన పని లేదు. పైకప్పులో మాత్రం రెండు చోట్ల గుడ్డకి బదులు వల ఉంది. దాని మీద చిన్న రెక్క, అంతే. ఇందులోంచి చలిగాలి తిన్నగా పిల్ల గుండెల మీదికి దిగుతుంది కదా అనుకున్నాడు. మెత్తటి గుడ్డ కత్తిరించి, రెండు వలలకీ లోపలి వైపు, చుట్టూ ఉన్న కప్పు గుడ్డకి కలిపి కుట్టి, అస్తరు వేశాడు. పట్టి చూస్తే గాని తెలియనంత సన్నటి కుట్టు, గుడ్డలో కలిసిపోయే దారం. కుట్టు కనిపించకూడదన్నదే అతను నేర్చిన విద్య.

చివరి వరసలో సూది బయటికొచ్చిన చోట వెలుతురు చుక్కలా కనబడింది. చెయ్యి ఆగింది. నీళ్ళు దిగని గుడ్డకి సూది పడితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. రెయిన్‌కోటు కుట్టాక లోపలి వైపు ప్రతి కుట్టు మీదా పట్టీ అతికించి ఇస్త్రీపెట్టెతో నొక్కాలి. దుకాణంలో పట్టీ ఉంది కూడా. కిటికీలోంచి ఆకాశం వంక చూశాడు. మబ్బు తునక లేదు.

డేరా మడిచి సంచిలో పెట్టేశాడు. భార్యతో చెబుదామనుకున్నాడు. ఆవిడ పనిలో ఉంది. తరవాత ఈయన పనిలో ఉన్నాడు.

"నాన్నా, ఏమాలోచిస్తున్నావ్?" అంది గుండీ.

"ఏం లేదు. నీకు చలేస్తోందా?"

"బస్సులోనా?"

బస్సు దిగాక దారి ఎత్తు పట్టింది. దూరపు కొండలు నునుపంటారు. దగ్గరికొచ్చాక ఈ కొండకి ఎన్ని రాళ్ళున్నాయో మాస్టరు మడమలు చెప్పాయి. ప్రతి బండ దగ్గరా ఆగటం, బండ మీద జేబురుమాలు పరచటం, ప్యాంటు మోకాళ్ళు పైకి లాక్కోవటం, కూచోవటం. మళ్ళీ లేవటం, జేబురుమాలు దులపటం. గుండీ కూడా ఆయనతోపాటే ఆగుతూ, బోలెడు ప్రశ్నలు వేస్తూ వచ్చింది.

"బూట్లు మంచివి కావు," అన్నాడు ఒకచోట.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అని పైనుంచి కత్తెర గొంతు వినిపించింది. ఆ పిల్ల చెవులకి దూరం అడ్డు కాదు.

టీచరు నవ్వలేదు, వెనక్కి రాలేదు. ఆమె నడుస్తోంది. మాస్టరు ఆమె నడవటం ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు చూశాడు, వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి బస్టాపుకి. ఇలా చూడలేదు. సంచి వీపున ఉన్నట్టే లేదు. కాలు ఎక్కడ వెయ్యాలో చూసుకోకుండా వేస్తోంది, అది పడాల్సిన చోటే పడుతోంది. మాస్టరుకి అసూయ వేసింది. ఎవరి మీద అంటే చెప్పటం కష్టం. ఆమెని ఇలా నడిపిస్తున్న ఆ ఎత్తు మీద వేసి ఉంటుంది.

బడి సగం దూరంలో వచ్చింది. పొడుగాటి రేకుల కప్పు, ముందు వరండా, తీగల మీద ఆరుతున్న తాళ్ళూ సంచులూ. ప్రిన్సిపాలు బురద బూట్లతోనే ఎదురొచ్చాడు. మనిషి పలచన, మాట క్లుప్తం.

"టెంటు బాగుందా?"

"జిప్పు పట్టేస్తుంటే మావారు బాగుచేశారు," అంది టీచరు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. మాస్టరు గోడకున్న గడియారం వంక చూశాడు.

ఇస్తామన్న ఇల్లు బడి వెనకే. మూడు గదులు. టీచరు అన్నిటి తలుపులూ తీసి, చివరి గదిలో ఆగింది.

"ఇది చూడండి."

పెద్ద కిటికీ. నేరుగా ఎండ పడదు, వెలుతురు మాత్రం గదంతా సమంగా నిండి ఉంది. నల్లగుడ్డ మీద నల్లదారం కూడా కనబడే వెలుతురు. జీవితమంతా వీధి వైపున్న ఇరుకు దుకాణంలో, మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వేసుకుని కుట్టిన మనిషి, కిటికీ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి చాపి చూసుకున్నాడు. గీతలన్నీ కనబడ్డాయి.

"మీ మిషను ఇక్కడ పెట్టుకోవచ్చు," అంది టీచరు.

"ఎవరికి కుట్టాలి? మేకలకా?"

కత్తెర నోరు తెరవబోయి, తల్లి మొహం చూసి మూసుకుంది. టీచరు కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టింది. గది బాగుందని చెప్పటానికి ఏం పోయింది? ఏం పోయేది కాదు. కాని బాగుందంటే తరవాతి మాట ఏమిటో అతనికి తెలుసు, అందుకని మొదటి మాటే మింగేశాడు.

బడికి పైన, చదునుగా ఉన్న చోట డేరా వేశారు. వేశారంటే టీచరూ కత్తెరా వేశారు. మాస్టరుకి తాళ్ళు కట్టే పని ఇచ్చారు. ముడులు మాత్రం చూడముచ్చటగా వేశాడు. టీచరు లాగి చూసి, "ఊడదు," అంది. పొద్దున్నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

ఆమె డేరా లోపలికి దూరి పక్కలు పరిచింది. పైకి చూడలేదు. చూసినా అంత తేలిగ్గా కనబడే కుట్టు కాదు. బయట నిలబడి మాస్టరు, ఆమె బయటికొచ్చేదాకా కట్టిన ముడినే మళ్ళీ కడుతూ ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా మంట వేసుకుని బంగాళాదుంపలు కాల్చుకున్నారు. చేతులు కాలాయి, మూతులు నల్లబడ్డాయి. కత్తెర తన బళ్ళో ఒక ఉపాధ్యాయుడు తుమ్మే పద్ధతి అభినయిస్తే అందరూ నవ్వారు, మాస్టరు అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపాడు. అప్పుడు చూసుకున్నాడు, తను నేల మీదే కూచుని ఉన్నాడు. జేబురుమాలు కింద లేదు. ప్యాంటు మడత ఎప్పుడో పోయింది. ఇంకో సంగతి కూడా తట్టింది. బస్సు దిగినప్పట్నుంచి గుండీ ఒక్కసారి దగ్గలేదు.

టీచరు మంటకి అవతల మోకాళ్ళు చుట్టుకుని కూచుంది. మొహం మీది అలసట ఎవరో చేత్తో తుడిచేసినట్టుంది. పెళ్ళైన కొత్తల్లో ఈ మొహం చూశాడు. ఎప్పట్నుంచి చూడటం లేదో లెక్క తెలియలేదు. అతనికి సంతోషం వేసింది, ఆ సంతోషానికి తనే ఆశ్చర్యపోయాడు. సరే వచ్చేద్దాం అని చెబుదామా అనిపించింది. కాని ఆమె అడగలేదు. అడిగితే చెబుదామని అతను చూశాడు. చూశాక తనే చెబుతాడు కదా అని ఆమె చూసింది. ఇద్దరి మధ్యా మంట ఆరిపోయింది.

తెల్లారి చెబుదాంలే అనుకుని పడుకున్నాడు.

తెలతెలవారుతుండగా అందరికంటే ముందు కత్తెర లేచింది.

"అమ్మా, నా మెడ మీద నీళ్ళు పడుతున్నాయి."

బయట వాన. పెద్ద వాన కాదు, మెల్లగా, ఆగే ఉద్దేశం లేకుండా పడుతోంది. టీచరు డేరా గోడ మీద చెయ్యి వేసింది. చెయ్యి తడిసింది. వాన పడుతున్నది బయటైతే లోపలి వైపు ఇంత తడేమిటి? దుప్పట్లు చెమ్మగిల్లాయి, గుండీ జుట్టు నుదుటికి అంటుకుపోయింది. టీచరు టార్చి వేసి పైకి చూసింది.

కప్పులో, వల ఉండాల్సిన చోట, చుక్కలు వరస కట్టి ఉన్నాయి. ఒక్కొక్క చుక్కకీ మధ్య ఎడం సమానం. ఎవరో టేపుతో కొలిచి పెట్టినట్టు నాలుగు వైపులా గీతలా తిరిగాయి. నిండినది నిండినట్టు కింద పడుతోంది. రెండో వల దగ్గరా అంతే.

ఆమె వేలితో ఆ గీతని తడిమింది.

"ఇది మీ కుట్టు," అంది.

మాస్టరు దుప్పట్లోంచి కదల్లేదు.

"మిమ్మల్నే."

"గుండీకి దగ్గు కదా," అన్నాడు దుప్పటి కిందినుంచి. "పైనుంచి గాలి కొడుతుందని కాస్త అస్తరు వేశాను."

"గాలి కొట్టడానికే అది పెట్టారు. నలుగురి ఊపిరీ బయటికి పోవాలి కదా. పోలేదు. గోడల మీద చూడండి, అది మన ఊపిరే. పైనుంచేమో వాన. నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనుకున్నా. నువ్వు పనిలో ఉన్నావు."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చలి తగలకూడదని దాచిన పిల్లే అందరికంటే ఎక్కువ తడిసి, పళ్ళు టకటకలాడిస్తూ కూచుంది.

"గొడుగు తెచ్చుకోవాల్సింది," అంది గుండీ. ఎవరూ నవ్వలేదు.

"నాన్నా, ఇది బడివాళ్ళ టెంటు," అంది కత్తెర. ఈసారి గొంతులో వెటకారం లేదు. అది మాస్టరుకి ఎక్కువ తగిలింది. "అమ్మని నమ్మి ఇచ్చారు."

"విప్పేస్తాను. చిన్న కత్తెర నా జేబులో ఉంది. దారం లాగేస్తే చాలు..."

"దారం లాగితే చిల్లులు పూడుకుంటాయా?" అంది టీచరు.

అతను జేబులోంచి చెయ్యి తీసేశాడు.

వాన కాస్త పలచబడ్డాక డేరాలోంచి పాక్కుంటూ బయటికొచ్చి, పక్కనే ముందుకి పొడుచుకొచ్చిన బండ కింద చేరారు. టీచరు పొడిగా మిగిలిన ఒక్క స్వెట్టరూ గుండీకి తొడిగింది. కత్తెర స్టవ్వు వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. నీళ్ళు మరగటం వినబడింది.

"మాస్టారూ," అంది టీచరు.

పెళ్ళాం నోటివెంట ఆ పిలుపు ఎప్పుడూ వినలేదు. అది దుకాణానికొచ్చేవాళ్ళ పిలుపు. పిల్లలిద్దరూ తలెత్తారు.

"చెప్పు," అన్నాడు.

"నేను మీ దుకాణానికి రెయిన్‌కోటు కుట్టించుకోడానికి వచ్చాననుకోండి. సూది పడ్డ చోట నీళ్ళు కారతాయా, కారవా?"

"కారతాయి. లోపల పట్టీ అతికించాలి." చేతిలో పని గురించి అడిగితే అతని నోరు ఆలోచించదు, జవాబు దానంతటదే వస్తుంది.

"ఈ సంగతి మీకెప్పట్నుంచి తెలుసు?"

"పని నేర్చుకున్నప్పట్నుంచి."

"మొన్న కుట్టేటప్పుడు?"

మాస్టరు టీ గిన్నె వంక చూశాడు. కత్తెర గ్లాసుల్లో పోయటం ఆపింది.

"మర్చిపోయానని చెప్పండి," అంది టీచరు. "మర్చిపోయానంటే నమ్ముతాను. మనుషులు మర్చిపోతారు. ఆ ఒక్క మాట చెప్పండి, డేరా మడుచుకుని కిందికి దిగుదాం, నవ్వుకుందాం."

ఆమె తలుపు తీసి పట్టుకుంది. దూరిపోవటమే తరువాయి. ఇన్నేళ్ళ కాపురంలో మాస్టరు ఇలాంటి తలుపుల్లోంచి ఎన్నిసార్లు దూరలేదు? దగ్గు ఉంది, పని ఉంది, చెబుదామనుకున్నాను, నువ్వు పనిలో ఉన్నావు. ఇప్పుడూ నోరు తెరిచాడు. ఎదురుగా ఆమె మొహం ఉంది. నిన్న సాయంత్రం మంట పక్కన చూసిన మొహం కాదది. కాని ఆ మనిషిదే.

"మర్చిపోలేదు," అన్నాడు.

చెయ్యి చాపి స్టవ్వు ఆర్పాడు.

"గుర్తొచ్చింది. పట్టీ కూడా దుకాణంలో ఉంది. వేయలేదు."

"ఎందుకు?"

"వాన రాదనుకున్నాను."

"వస్తే?"

"వస్తే..." అతను మాట కోసం వెతుక్కున్నాడు. వెతికిన చోట మాట దొరికింది, అది అక్కడ ఉందని ఇంతవరకూ అతనికే తెలియదు. "వస్తే తడిసి, విసుగెత్తి, నువ్వే వద్దంటావనుకున్నాను. నేను వద్దనక్కర్లేకుండా."

కత్తెర గ్లాసు కింద పెట్టేసింది.

టీచరు బండ అంచునుంచి పడుతున్న నీళ్ళని చూస్తూ కూచుంది. ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయవచ్చు. ఏడవని మనిషి దగ్గరికి ఎలా వెళ్ళాలో మాస్టరుకి తోచలేదు.

"నిన్న సాయంత్రం మనసు మారింది," అన్నాడు. "నిజం. ఇక్కడికొచ్చేద్దాం అని చెబుదామనుకున్నాను. ఆ గది బాగుంది. వెలుతురు బాగుంది."

"నిన్న సాయంత్రం అనుకున్నది నిన్న సాయంత్రమే చెప్పాల్సింది."

"అడుగుతావేమోనని చూశాను."

"అవును," అంది టీచరు. "మీరెప్పుడూ అదే చూస్తారు."

లేచింది. వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. డేరా దగ్గరికి వెళ్ళి, మాస్టరు చూడముచ్చటగా వేసిన ముడుల్ని ఒక్కొక్కటే విప్పింది. ఊడదని తను మెచ్చుకున్న ముడులే. కత్తెర వెళ్ళి మేకులు పీకింది. తల్లీకూతుళ్ళు మాటామంతీ లేకుండా తడి గుడ్డని మడిచి, నీళ్ళు పిండి, సంచిలో కుక్కారు.

"ఎక్కడికి?" అన్నాడు మాస్టరు.

"బడికి. టెంటు పాడైందని ఆయనకి చెప్పాలి."

"నేను చెబుతాను. నేను చేసిందేగా."

"నాకిచ్చారు. నా చేతిలో ఉండగా పాడైంది. నేనే చెబుతాను." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "ఆ తరవాత కూడా వాళ్ళకి నేను కావాలంటే, ఉద్యోగానికి సరేనని చెప్పేస్తాను."

"సోమవారం దాకా టైముందిగా?"

"సోమవారం మీకోసం అడిగి పుచ్చుకున్నది. వాళ్ళు పిలిచిన రోజే చెప్పమన్నారు." ఆ మాట అతనికి కొత్త. ఆమె అతని వంక తిన్నగా చూసింది. కోపం కనబడితే బాగుండు అనుకున్నాడు. కనబడలేదు. "మీరు వస్తారా రారా అని నేనింక అడగను. రావద్దని కాదు. అడగటం నావల్ల కాదు."

కత్తెర మిగిలిన సంచి ఎత్తుకుంది. వెళ్ళబోతూ, ఎందుకో ఆగి, పోసిన టీ గ్లాసు తండ్రి చేతికిచ్చి, తల్లి వెనకాల దిగిపోయింది.

మాస్టరుకి భయం వేసింది. పెళ్ళాం వెళ్ళిపోతోందని కాదు, ఆమె వెళ్ళింది బడిదాకానే. ఇన్నేళ్ళూ ఆమె అడుగుతూ ఉండేది, అతను తప్పించుకుంటూ ఉండేవాడు. అడిగేవాళ్ళు లేకపోతే తప్పించుకోటానికి కూడా చోటుండదని ఇప్పుడే తెలిసింది. టీ చల్లారిపోతోంది. తాగటం గుర్తురాలేదు.

గుండీ బండ కిందే నిలబడి ఉంది. ఒకసారి దిగే దారి వంక చూసింది, ఒకసారి తండ్రి వంక. కాసేపు అలాగే చూసి, దగ్గరికొచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నేనూ అమ్మతో వెళ్ళనా?"

ఈ పిల్ల అతన్ని వదిలి వెళతానని అడగటం ఇదే మొదలు. వద్దంటే ఆగిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"వెళ్ళు," అన్నాడు. "మెల్లగా. రాళ్ళు జారతాయి."

"మరి నువ్వు?"

"నన్నెవరూ రమ్మనలేదే," అన్నాడు మాస్టరు. నవ్వుతూ అందామనుకున్నాడు గాని నవ్వు రాలేదు.

గుండీ కనుబొమలు ముడిచి ఆలోచించింది. తండ్రి వేసిన లెక్కలో ఎక్కడో తప్పు కనబడ్డట్టు చూసింది.

"మమ్మల్నీ ఎవరూ రమ్మనలేదు నాన్నా," అంది. "మేమే వెళ్తున్నాం."

చెప్పి, గబగబా దిగిపోయింది. మాస్టరు గ్లాసు పక్కన పెట్టి బూట్ల కోసం చూశాడు. రాత్రి డేరా గుమ్మంలో విడిచిన బూట్లు, డేరా విప్పినప్పుడు చెరో వైపుకీ పోయాయి. ఒకటి నీళ్ళు నిండి చేతికందే చోటే పడి ఉంది. దాన్ని వంచి, నీళ్ళు పారబోసి, కాలికి తొడిగాడు. కింద వాళ్ళ మాటలు ఇంకా వినబడుతున్నాయి. రెండో బూటు కోసం అతను తడి గడ్డిలో చేతులతో తడుముతూ ఉండగానే ముగ్గురూ మలుపు తిరిగారు.